వెలిసిన ఎరుపు

పొద్దున ఆరున్నరకి ఫోనులో ఆ రోజు అంకె చూసి
అల్మారాలోంచి ఒక రంగు తీస్తాను.
ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, ఊదా.
పైన దేశం జెండా, దాని కింద గాలి జెండా.
బడిలో నాకిది పదకొండో ఏడు.
ఊడవడం, కడగడం, తాళాలు వేయడం
జీతానికి చేసే పనులు. ఇది పైపని.

ఊరి పేరు దోస్ పోసోస్. రెండు బావులని అర్థం.
ఒకటి ఎండిపోయింది.
రెండోది ఎక్కడుండేదో మా తాతకే తెలీదు.

ఫిబ్రవరిలో బాదం పూస్తుంది.
సముద్రం వైపు నగరాల నుంచి కార్లేసుకుని వచ్చి
తెల్లపూల కింద తెల్లగౌన్లలో ఫొటోలు దిగుతారు.
అప్పుడు పసుపు.
పిల్లలు తుమ్ముతారు గానీ అది లెక్కలోకి రాదు.

జూలైలో ఎక్కడో కొండల మీద అడవి అంటుకుంటుంది.
మధ్యాహ్నం సూర్యుణ్ణి కళ్ళార్పకుండా చూడొచ్చు,
ఒలిచిన నారింజ తొన.
కారు అద్దం మీద బూడిద. వేలితో పేర్లు రాస్తారు పిల్లలు.

ఆగస్టులో యంత్రం వచ్చి
చెట్టు మొదలు పట్టుకుంటుంది.
పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది చెట్టు,
ఆరు సెకన్లు.
కాయలన్నీ నేల మీద.
పదిరోజులు ఎండాక ఊడ్చే బండ్లు దిగుతాయి.
వాటి వెనక దుమ్ము లేచి, గోడై నిలబడి,
రోడ్డు దాటి బడిలోకి నడిచొస్తుంది
ఫీజు కట్టిన పిల్లాడిలా.

ఇక డిసెంబరు. లోయ మీద ఎవరో మూత పెడతారు.
పొగగొట్టంలోంచి బయల్దేరిన పొగ
పక్కింటి దాకా పోలేక తిరిగొచ్చి
గడప దగ్గరే పడుకుంటుంది.

యరేత్సి రెండో తరగతి.
మెడలో తాడు, తాడుకి నీలం గొట్టం, ఊపిరి మందు.
గొట్టానికి అంకెల కిటికీ ఉంటుంది.
"ఇంకా నలభై ఒకటి ఉన్నాయి" అంటుంది,
గోలీలు లెక్కపెట్టుకున్నట్టు.
వాళ్ళమ్మ యుఫ్రోసినా నడిపేది ఊడ్చే బండే.
ఓసారి గేటు దగ్గర జెండా చూస్తూ అంది:
"మా మిస్తెక్ మాటలో గాలన్నా దయ్యమన్నా ఒకటే.
మీకు మాత్రం ఐదు రంగులు."

సెప్టెంబరు రెండో వారం ఎరుపు ఎగరేశాను.
నేను ఎగరేసింది ఎరుపే.
కానీ ఎండకి, ఏళ్ళకి అది వెలిసి వెలిసి
నారింజకి తోబుట్టువైంది.
కొత్త టీచరు కింద నుంచి చూసి
"పర్వాలేదు, ఆడుకోండి" అంది.

ఆ సాయంత్రం కిటికీలో ముప్పైమూడు.

నన్నెవరూ ఏమీ అనలేదు.
అంటే బాగుండేది.
కొత్త జెండాకి ఆర్డరు పెట్టారు, మూడు వారాలు పడుతుందన్నారు.
మర్నాడు యుఫ్రోసినా వచ్చింది.
కనురెప్పల వెంట్రుకలు కూడా నెరిసినట్టున్నాయి, దుమ్ముకి.
"ఆ గుడ్డ ఇవ్వండి."
తగలబెడుతుందేమో అనుకుని ఇచ్చాను.

తెల్లారి చీపురు పట్టుకుని రోడ్డవతలకి చూస్తే
దుమ్ముగోడ లోపల
ఏదో రెపరెపలాడుతూ వరస వెంట పోతోంది.
బండి కడ్డీకి కట్టుకుంది.
తోటలో మరి జెండా కర్ర లేదు కదా.
రెండు రోజులు కనిపించింది.
మూడో రోజు బండి ఉంది, అది లేదు.
ఎవరు విప్పించారో నేనడగలేదు.
అడగాల్సింది.

నవంబరు చివర్లో రాత్రంతా వాన పడింది.
పొద్దున తూర్పున కొండలు!
ఉన్నాయన్న సంగతే మర్చిపోయాం.
అల్మారా అడుగున చెయ్యి పెట్టి ఆకుపచ్చ తీశాను.
యరేత్సి కర్ర కింద నిలబడి
తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది.
గుడ్డ మీద మడతల గీతలు ఇంకా పోలేదు.
"ఇది కొత్తదా?" అంది.

కాదమ్మా. అన్నిటితో పాటే కొన్నది.